పాత క్యాంపర్ వ్యాన్‌కి ఇంటికొచ్చి చేసే సర్వీసు: 350 డాలర్లు దండగా కాదా

మాది 2005 షెవీ ఎక్స్‌ప్రెస్ వ్యాన్ మీద కట్టిన క్యాంపర్, అంటే లోపలే పడుకుని వండుకునే బండి. డల్లాస్ పక్కన ఉంటాం, సెలవులు తప్ప మిగతా టైమంతా డ్రైవ్‌వేలోనే పడుంటది. ఇట్లాంటి బండితో తలనొప్పి ఏంటంటే మామూలు మెకానిక్ ఇంజన్ చూస్తాడు కానీ వెనక గ్యాసు, ఫ్రిజ్, నీళ్ళ ట్యాంకు జోలికి రాడు, ఇట్లాంటి బండ్లమ్మే ఆర్వీ డీలరేమో బండి వయసు వినగానే అపాయింట్‌మెంట్ లేదంటాడు. అందుకే ఇంటికొచ్చి చేసే ఒక ముసలాయన్ని పెట్టుకున్నాం, ఒక్కడే, పికప్ ట్రక్కులో సామానంతా వేసుకుని వస్తాడు. పేరు ఇక్కడ పెట్టట్లేదు. ఏడాది చెకప్‌కి 350 డాలర్లు, పార్టులు అదనం.

ఈయనలో నాకు నచ్చింది ఒకటే, ఓడోమీటర్ చూడడు, తేదీలు చూస్తాడు. తక్కువ తిరిగింది కదా, ఏం పాడవుద్దిలే అనుకుంటాం మనం, కానీ పాత క్యాంపర్ తిరిగి పాడయ్యేదానికంటే నిలబడి పాడయ్యేదే ఎక్కువ. వచ్చీరాగానే టైర్ల పక్క భాగంలో అచ్చేసే డాట్ నంబర్ చివరి నాలుగంకెలు చదివాడు, టైరు తయారైన తేదీ అదే. 3214 అని ఉంది, అంటే 2014లో 32వ వారం. గాడి చూస్తే కొత్తదాన్లా ఉంది, కానీ ఎంత బాగున్నా పదేళ్ళు దాటితే తీసెయ్యమని మిషెలిన్ వాళ్ళే చెప్తారు, ఏళ్ళు గడిచేకొద్దీ రబ్బరు గట్టిపడిపోద్ది కాబట్టి. తర్వాత గ్యాస్ డిటెక్టర్ విప్పి వెనక తేదీ చూశాడు. ప్రొపేన్ గాలి కంటే బరువు కదా, లీకైతే కిందకి దిగుద్ది, అందుకే దాన్ని నేల దగ్గర బిగిస్తారు. దాని ఆయుష్షు ఐదు నుంచి ఏడేళ్ళు, మాది ఎప్పుడో దాటిపోయింది. పచ్చ లైటు మాత్రం వెలుగుతానే ఉంది! వెంటనే మార్పించాం. దాంతోపాటు గ్యాస్ లైనుకి ప్రెషర్ టెస్టు చేసి రెగ్యులేటర్ కూడా చూశాడు. ఆ పని మాత్రం ఎంత పొదుపు మనుషులైనా సొంతంగా చేసుకోవద్దు.

జెనరేటర్ మాది ఒనాన్ 2800 వాట్లది. నెలకోసారి రెండు గంటలు, అదీ సగం లోడు పెట్టి నడపాలన్నాడు, ఏసీ ఒకటి వేస్తే ఆ లోడు సరిపోద్ది. ఊరికే స్టార్ట్ చేసి ఐదు నిమిషాల్లో ఆపేస్తే లాభం లేదు, పాత పెట్రోలు కార్బ్యురేటర్లో జిగురులా పట్టేస్తది, రేపు ఎండలో అవసరమైనప్పుడు ఎంత తిప్పినా అందుకోదు. ఆయిల్ 150 గంటలకోసారి, అన్ని గంటలు నడవకపోయినా ఏడాదికోసారి. ఇంకోటి, ఇది వ్యాన్ ట్యాంకులోంచే పెట్రోలు తాగుతది, ట్యాంకు పావు వంతుకి వచ్చేసరికి దానంతటదే ఆగిపోద్ది, మనం నడిరోడ్డు మీద ఆగిపోకుండా పైపు అంత ఎత్తులో పెడతారు. జెనరేటర్ చెడిపోయిందని మెకానిక్‌కి ఫోన్ చేసే ముందు ఫ్యూయల్ గేజ్ చూడండి.

వాటర్ హీటర్ సబర్బన్ వాళ్ళది, స్టీలు ట్యాంకు. దాన్లో మెగ్నీషియం కడ్డీ ఉంటది, ట్యాంకు తుప్పు పట్టకుండా దాని బదులు ఈ కడ్డీ అరిగిపోతూ ఉంటది. బయటికి తీస్తే చీమలు పట్టిన చెరుకు ముక్కలా ఉంది. ఇరవై డాలర్లలోపు పార్టు, నీళ్ళు చల్లారి ప్రెషర్ వదిలేశాక 1-1/16 అంగుళాల సాకెట్ పెట్టి మీరే మార్చుకోవచ్చు, దానికి ఈయనకి లేబర్ ఇవ్వడం దండగ. మీది యాట్‌వుడ్ హీటర్ అయితే ట్యాంకు అల్యూమినియం, ఈ కడ్డీ గొడవే లేదు. నీళ్ళ ట్యాంకు శుభ్రం కూడా అంతే, 15 గ్యాలన్లకి పావు కప్పు బ్లీచ్ పోసి కొన్ని గంటలు ఉంచి, వాసన పోయేదాకా కడగడమే.

ఇక నచ్చనివి. పైకప్పు తొందర తొందరగా కానిచ్చేశాడు. వెంట్ చుట్టూ నీళ్ళు దిగకుండా పూసే డైకార్ సీలెంట్ పగుళ్ళిచ్చి ఉంటే పాతది గీకకుండానే పైన కొత్తది పూసేశాడు, అడిగితే టైం లేదన్నాడు. పాత బండికి అసలు చావు నీళ్ళ లీకు, ఇంజన్ కాదు, ఈ ఒక్క పనికి ఇంకో గంట ఎక్కువ తీసుకుని డబ్బులడిగినా ఇచ్చేవాణ్ణి. ఏసీ కింద నాలుగు బోల్టులు మాత్రం చూసి బిగించాడు, అక్కడి ఫోమ్ గ్యాస్కెట్ ఏళ్ళు గడిచేకొద్దీ అణిగిపోయి నీళ్ళు దిగుతాయట. బిల్లు కూడా ఒక్క లైను, ఏ పనికెంత అన్నది ఉండదు.

ఇంజన్ వైపు అసలు ముట్టుకోడు, ఆ మాట ముందే చెప్తాడు. బ్రేక్ ఫ్లూయిడ్, కూలెంట్, గేర్‌బాక్స్ ఆయిల్ వేరే చోట చేయించాలి. మామూలు ఆయిల్ చేంజ్ షాపుల్లో మన వ్యాన్ ఎత్తుకి తలుపే సరిపోదు, ట్రక్కులు చేసే షాపు చూసుకోండి. బ్రేక్ ఫ్లూయిడ్ గాల్లో తేమని పీల్చుకుంటది కాబట్టి దానికీ కిలోమీటర్ల లెక్క కాదు, ఏళ్ళ లెక్కే. కొలరాడో కొండల వైపు వెళ్ళేవాళ్ళు జాగ్రత్త, ఆ దిగుడు రోడ్లలో అంత బరువు బండి బ్రేకులు కాలేటప్పుడు పాత ఫ్లూయిడ్ మరిగితే పెడల్ లోపలికి పోద్ది, బ్రేకు పట్టదు.

నా వరకు ఐదుకి నాలుగు. గ్యాసు, జెనరేటర్ కోసం మళ్ళీ పిలుస్తా, పైకప్పు ఈసారి వేరేవాళ్ళకిస్తా. పిలవాలనుకుంటే సెప్టెంబర్లోనే అడగండి. 2021 ఫిబ్రవరి చలి తర్వాత ఇక్కడ అందరికీ భయం పట్టుకుంది, మొదటి ఫ్రీజ్ వార్నింగ్ రాగానే పైపులు గడ్డకట్టి పగలకుండా గులాబీ యాంటీఫ్రీజ్ ద్రవం ఎక్కించమని అందరూ ఒకేసారి ఫోన్లు చేస్తారు, అప్పుడు ఆయన ఫోనే ఎత్తడు.