లూథరన్ అంటే ఏమిటి, బాప్టిస్టు అంటే ఏమిటి?

ఒడిశాలోని కోరాపుట్, జయపురం వైపు తెలుగు క్రైస్తవులు "మాది లూథరన్" అంటారు. అదే ఒడిశాలోని పర్లాకిమిడిలో అడిగితే "మేం బాప్టిస్టులం" అనే మాట వినిపిస్తుంది. ఇందుకు కారణం మిషనరీల చరిత్రే. 1882లో జర్మనీలోని బ్రెక్లుమ్ మిషన్‌వాళ్లు కోరాపుట్ ప్రాంతానికొచ్చారు, పర్లాకిమిడి వైపు కెనడా బాప్టిస్టులు పనిచేశారు.

లూథరన్ అన్నది మనిషి పేరు మీద వచ్చిన మాట. 1517లో జర్మనీలో క్రైస్తవ సంఘ సంస్కరణకు నాంది పలికిన మార్టిన్ లూథర్ పేరది. మొదట్లో ఎదుటివాళ్లు ఎగతాళిగా అన్నదే! లూథర్‌కే అది నచ్చలేదు.

బాప్టిస్టు అన్నది చేసే పనిని బట్టి వచ్చింది. గ్రీకులో 'బాప్టిజో' అంటే ముంచడం.

అసలు తేడా చంటిబిడ్డ దగ్గర తెలుస్తుంది. లూథరన్లు పసివాళ్లకే నీళ్లు పోసి బాప్తిస్మం ఇస్తారు, పెద్దయ్యాక ఆ విశ్వాసాన్ని తామే సంఘం ముందు ఒప్పుకునే కన్ఫర్మేషన్ ఉంటుంది. బాప్టిస్టులు మాత్రం బిడ్డ పెరిగి, తనకు తానుగా నమ్మి ఒప్పుకున్నాకే నీళ్లలో ముంచుతారు. అందుకే రెండు సంఘాల మధ్య పెళ్లి కుదిరితే, పుట్టబోయే బిడ్డ గురించి పెద్దలకు ముందే టెన్షన్.

ప్రభువు బల్ల దగ్గరా, అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారంలోనూ, తేడానే. వాటిలో క్రీస్తు నిజంగా ఉంటాడని లూథరన్లు నమ్ముతారు. ఎక్కువమంది బాప్టిస్టులకు అది జ్ఞాపకార్థం.