కైరోలో రాతి కొంగు

కైరో వెళ్లేవాళ్లు పిరమిడ్లకి ఎన్ని రోజులు పెట్టుకున్నా, ఒక్క పూట శిల్పి మహమూద్ ముఖ్తార్ మ్యూజియంకి ఉంచుకోండి. నేనూ మా అత్తయ్యా ఐదు రోజులు తిరిగాం. నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

మొదటి రెండు రాత్రులు గీజాలో, పిరమిడ్లు కనిపించే గదిలో దిగాం. కిటికీ బాగుంది కానీ వేడినీళ్లు రాలేదు, ఊళ్లోకి రావాలంటే ట్రాఫిక్‌లోనే సగం రోజు పోయింది. తర్వాత ఊళ్లోనే దొక్కి అనే మెట్రో స్టేషన్ దగ్గరికి మారాక ప్రాణం కుదుటపడింది. మెట్రోలో మధ్య పెట్టెలు ఆడవాళ్లవే. ఎక్కిన ప్రతిసారీ ఎవరో ఒకరు లేచి అత్తయ్యకి సీటిచ్చారు.

మ్యూజియం నైలు మధ్యలో, గెజీరా లంకలో ఉంది. ఒపేరా స్టేషన్‌లో దిగి నడిచి వెళ్లొచ్చు. ముఖ్తార్ (1891–1934) పల్లెలో పుట్టి, పారిస్‌లో శిల్పం నేర్చుకుని, మళ్లీ తన పల్లె ఆడవాళ్లనే చెక్కాడు. ఒంటి మీద వదులుగా జారే గలాబియా అనే పొడవాటి అంగీ, తల మీంచి దిగే ముసుగు, అన్నీ రాతిలోనే.

'ఖమాసీన్' అనే శిల్పం దగ్గర మాత్రం కాళ్లు కదల్లేదు. ఖమాసీన్ అంటే వసంతంలో ఎడారి నుంచి వీచే ఇసుక గాలి. దానికి ఎదురుగా ఒక స్త్రీ ముందుకు వంగి నడుస్తోంది. ముందు బట్ట ఒంటికి అంటుకుపోయింది, వెనక తెరచాపలా ఉబ్బింది. అంచులూ పువ్వులూ లేవు, ఉన్న కాసిని ముడతల్లోనే గాలి ఎటు వీస్తోందో తెలిసిపోతోంది.

"వడగాలిలో కొంగు అదుముకుని పొలం గట్టు మీద నడిచినట్టే ఉందే అమ్మాయ్," అన్నారు అత్తయ్య.

అక్కణ్ణుంచి మూడో స్టేషన్ కైరో యూనివర్సిటీ. అక్కడ దిగి టాక్సీలో ముఖ్తార్ చెక్కిన 'నహ్దత్ మిస్ర్' (ఈజిప్టు మేల్కొలుపు) విగ్రహం దగ్గరికి వెళ్లాం. గులాబీ గ్రానైట్‌లో చెక్కిన పల్లె పడుచు, ఒక చెయ్యి లేస్తున్న స్ఫింక్స్ (సింహం ఒళ్లు, మనిషి తల ఉన్న బొమ్మ) తల మీద వేసి, రెండో చేత్తో ముసుగు పక్కకి తీస్తోంది. జనం చందాలు కూడా కలిసి కట్టించిన విగ్రహం. 1928లో రైల్వే స్టేషన్ ముందు నిలబెట్టి, 1955లో ఇక్కడికి తెచ్చారు. 1923లో ఆడవాళ్ల హక్కుల కోసం పోరాడిన హుదా షారావీ మొహం మీది ముసుగు తీసేసింది కూడా ఆ స్టేషన్‌లోనే. అది తెలిశాక ఆ రాతి చేతినే చూస్తూ ఉండిపోయాను.

చుట్టూ కార్ల రద్దీ, నిలబడి చూడ్డానికి టెన్షన్. అందుకే శుక్రవారం పొద్దున్నే మళ్లీ వెళ్లాం. ఆ రోజు సెలవు కాబట్టి రోడ్లు ఖాళీ, విగ్రహాన్ని నాలుగు వైపుల నుంచీ తీరిగ్గా చూసుకోవచ్చు.