గవర్నర్‌పేట కోర్టు దగ్గర టైపింగ్ షాపు: బుడమేరులో కాగితాలు పోగొట్టుకున్నవాళ్లకి

మాది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి ఇంట్లోకొచ్చినప్పుడు ఇంటి దస్తావేజు బీరువా కింది అరలో ఉంది. ఐదు రోజులకు తీస్తే తడి ముద్ద. పాత పేపర్ల మధ్య పెట్టి ఫ్యాను కింద ఆరబెడితే స్టాంపు మీద సింహాల బొమ్మ మిగిలింది, నంబరు పోయింది. మా ఆయన ఆటో సీటు దాకా మునిగింది.

ఈ షాపు కోర్టు పక్క సందులో ఉంది. బోర్డు మీద పేరు వెలిసిపోయింది. రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషను, ముక్కు మీదకి జారిన కళ్లజోడుతో ఒక పెద్దాయన. ఆ ముద్ద సంచిలోంచి తీస్తుంటే నాకు ఏడుపొచ్చింది. "ఇది పోతే ఇల్లు పోదమ్మా, నకలు రిజిస్ట్రారు ఆఫీసులో ఉంటుంది" అన్నారు. ముందు ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, అంటే ఆ ఇంటి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయించమన్నారు. ఇంటి నంబరు, సరిహద్దులు ఇస్తే అందులో దస్తావేజు నంబరు, సంవత్సరం దొరుకుతాయి. వాటితో సర్టిఫైడ్ కాపీకి పెట్టుకోవాలి. నేనేమో నంబరు తెలియదని రెండు నెలలు ఊరికే కూర్చున్నాను!

ఆటో గొడవ పెద్దది. నీళ్లలో స్టార్ట్ చేశారు కాబట్టి ఇంజనుకి డబ్బులు ఇవ్వలేమని ఇన్సూరెన్స్ కంపెనీ ఉత్తరం పంపింది. పర్మినెంట్ లోక్ అదాలత్‌లో వేయమన్నారు పెద్దాయన. ఇన్సూరెన్సు, కరెంటు, మంచినీళ్లు, ఆసుపత్రి లాంటి సేవల తగాదాలు అక్కడ చూస్తారట. కోర్టు ఫీజు లేదు. ముందు రాజీకి చూస్తారు, కుదరకపోతే వాళ్లే తేలుస్తారు, దాని మీద అప్పీలు ఉండదు. అప్పీలు లేదంటే నాకు టెన్షన్ వచ్చింది. "కంపెనీకీ అదే టెన్షనమ్మా" అన్నారు.

అర్జీలో "దయతో కనికరించండి" అని రాయమన్నాను. ఆయన రాయలేదు. నీళ్లు ఎన్నింటికి వచ్చాయి, ఆటో తాళం ఎక్కడుంది అని అడిగారు. తాళం నా కొంగు ముడిలో ఉంది, మేమందరం డాబా మీద ఉన్నాం. అదే మాట అలాగే టైపు చేశారు. రెండో వాయిదాలో అక్కడివాళ్లు ఆ వాక్యం దగ్గరే ఆగి కంపెనీ వాళ్లని ప్రశ్నలడిగారు. మెకానిక్ బిల్లు 31 వేలు, 22 వేలకి రాజీ అయ్యాం. నాకు ఇంకో మూడు వేలైనా రావాల్సిందనే ఉంది.

షాపులో లోపాలూ ఉన్నాయి. పేజీకి 40 రూపాయలు, కాస్త ఎక్కువే. మా ఆయన ఇంటిపేరు తప్పు కొట్టారు. ఊరికే దిద్దిచ్చారు గానీ నాకు మధ్యాహ్నం బస్సు పోయింది. సోమవారం అసలు వెళ్లకండి, నిలబడటానికి కూడా చోటుండదు.

వెళ్లేటప్పుడు ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు తీసుకెళ్లండి. తడిసిన కాగితం చెత్తలో పడేయకండి. ఆయన దాన్ని ఫోటో తీసి అర్జీకి జత చేస్తారు.