నాగార్జునసాగర్‌లో డ్యామ్ కాకుండా ఏం చూడాలి: బుద్ధవనం, కొండ, అనుపు

సాగర్ వెళ్లేవాళ్లలో ఎక్కువమంది డ్యామ్ చూసి, ఎత్తిపోతల జలపాతం దగ్గర ఫోటోలు దిగి, చేపల వేపుడు తిని వచ్చేస్తారు. ఆ నీళ్ల కింద విజయపురి అనే పాత రాజధాని ఉందని, శాతవాహనుల తర్వాత ఇక్ష్వాకులు అక్కడి నుంచే పాలించారని బళ్లో ఒక్క పేరాతో సరిపెట్టేశారు. పదేళ్ల మా అబ్బాయి, డెబ్బై దాటిన మా అత్తయ్య ఇద్దరికీ ఆ చరిత్ర ఎక్కడ బాగా ఎక్కుతుందో చూద్దామనే ఈసారి వెళ్లాం.

కుటుంబంతో వెళ్తే ముందు బుద్ధవనం చూడండి. నందికొండ దగ్గర 274 ఎకరాల్లో కట్టి 2022లో తెరిచారు. కొత్త కట్టడమే కదా అని తీసిపారేయొద్దు. అమరావతి నమూనాలో 21 మీటర్ల ఎత్తున కట్టిన మహాస్తూపం చూశాక, అసలు స్తూపం అంటే ఎంత ఉండేదో పిల్లలకి వేరే చెప్పక్కర్లేదు. స్తూపవనంలో రకరకాల స్తూపాల చిన్న నమూనాలు కూడా ఉన్నాయి. నడక మాత్రం చాలా ఎక్కువ, పెద్దవాళ్లుంటే పొద్దున్నే వెళ్లాలి.

సాగర్ నీళ్ల మధ్య దీవిలా మిగిలిన నాగార్జునకొండకి, ఇప్పటి విజయపురి సౌత్ ఊరి రేవు నుంచి లాంచీలో వెళ్లాలి. జనం పోగయ్యేదాకా లాంచీ కదల్లేదు. ఆ ఎదురుచూపంతా వృథా. ఆ రేవులోనే ఎవరైనా పది నిమిషాలు నిలబడి తెలుగులో కథ చెప్తే, కొండ ఎక్కేసరికి అందరికీ ఆసక్తి పుట్టదూ? 1926లో ఇక్కడి శిథిలాలు వెలుగులోకి రావడం, డ్యామ్ వస్తోందని 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వడం, ముఖ్యమైన కట్టడాల్ని కొండ మీదికి తెచ్చి మళ్లీ పేర్చడం... సినిమాకి తీసిపోని కథ అది.

కొండ మీద నన్ను కట్టిపడేసింది ఆడవాళ్ల దానాలు. ఇక్కడి మహాచైత్యం, అంటే పెద్ద స్తూపం, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఆరో పాలనా సంవత్సరంలో పూర్తయింది. దానికి పూనుకున్నది ఆయన మేనత్త చాంతిసిరి. బోధిసిరి అనే ఉపాసిక, అంటే సన్యసించని బౌద్ధ భక్తురాలు, సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం (ప్రార్థన మందిరం) కట్టించింది. రాజు తన మేనత్త కూతురినే చేసుకున్నాడని శాసనాలు చెప్తున్నాయి అనగానే మా అత్తయ్య ఆగిపోయింది.

"అప్పట్లోనూ మేనరికాలేనా?" అంది.

"ఆ, రాయి మీద చెక్కించి మరీ చెప్పుకున్నారు అత్తయ్యా" అన్నాను.

ఆ తర్వాత ప్రతి శాసనం దగ్గరా ఆగి "ఇది ఎవరిచ్చారు?" అని అడిగింది. తేదీలు, వంశావళులు చేయలేని పని ఒక్క చుట్టరికం చేసింది. ప్రతి శాసనం దగ్గరా తేలిక తెలుగులో "ఫలానా ఆమె, ఫలానా వాళ్ల కోసం ఇచ్చింది" అని రెండు వాక్యాలు రాసి పెడితే ఎంత బాగుంటుందో!

స్తూపాల పునాదుల్ని మాత్రం మా వాడే ముందు గుర్తుపట్టాడు. మధ్యలో ఇరుసు, ఆకులు, చుట్టూ పట్టా, అచ్చం బండిచక్రం. ఆకుల మధ్య మట్టి నింపేవారు. స్తూపానికి నాలుగు వైపులా అయిదేసి ఆయక స్తంభాలు ఉండేవి. అవి బుద్ధుడి జీవితంలో అయిదు ఘట్టాలకి గుర్తు: పుట్టుక, ఇల్లు విడవడం, జ్ఞానోదయం, తొలి బోధ, మహాపరినిర్వాణం. ఇవన్నీ చూడాలంటే రెండు గంటలైనా కావాలి, తిరుగు లాంచీ తొందర మాత్రం తప్పదు.

సాయంత్రానికి అనుపు. లోయలోంచి తెచ్చి మళ్లీ కట్టిన ఇటుక మెట్ల రంగస్థలం, భిక్షువులు ఉండే విహారాల పునాదులు, హారీతి అనే దేవత గుడి అన్నీ అక్కడే. నాకు మూడింట్లో బాగా నచ్చింది ఇదే. కింద నిలబడి మా వాడు చప్పట్లు కొడితే పై మెట్టు దాకా స్పష్టంగా వినిపించింది. కాని మాకు చెప్పేవాళ్లు ఎవరూ దొరకలేదు, తాగడానికి నీళ్లు కూడా లేవు. ముందు రెండూ చూడకుండా నేరుగా ఇక్కడికి వస్తే ఇటుకలు తప్ప ఏమీ కనపడవు.

బస గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. మేం దిగిన ప్రైవేటు లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది, ఇస్తామన్న వేడినీళ్లు మాత్రం రాలేదు. రాత్రి భోజనం త్వరగా కానిచ్చేయండి, ఆలస్యమైతే ఏమీ దొరకదు. శుక్రవారం కొండ మీది మ్యూజియానికి సెలవు. లాంచీలు నడుస్తున్నాయో లేదో కనుక్కున్నాకే బయల్దేరండి.