చెవికి అందిన చరిత్ర పాఠాలు: అనంతపురంలోని ఒక డీటీపీ కేంద్రం చేసిన ట్యాగుల పని

నేను పుట్టుకతోనే చూపు లేనివాణ్ణి. అనంతపురంలో డిగ్రీ విద్యార్థులకు చరిత్ర బోధిస్తాను. రాయలసీమ చరిత్ర మీద రాసుకున్న 96 పుటల పాఠాలను, నాలాగే విని చదువుకునే ముగ్గురు విద్యార్థుల కోసం, స్క్రీన్ రీడర్ (తెర మీది పాఠాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేరు) సరిగ్గా చదవగలిగే పీడీఎఫ్‌గా చేయించాలని ఈ ఏడాది పూనుకున్నాను. ఆ పని కమలానగర్‌లోని ఒక చిన్న డీటీపీ కేంద్రానికి అప్పగించాను. ఇద్దరే పనిచేసే చోటు కనుక, పని ఎక్కువై మాట తప్పవలసి వస్తుందేమోనన్న భయంతో, తమ పేరు రాయవద్దని వారు కోరారు. అందుకే పేరు లేకుండా, వారు చేసిన పని గురించి మాత్రమే రాస్తున్నాను.

అంతకు ముందు వేరొక ఊరిలో ఇదే పాఠాలను ఒకరి చేత చేయించి నష్టపోయాను. వారు పాఠాన్ని, ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉండే యూనికోడ్‌లో కాక, పాత పద్ధతి ఫాంటులో కొట్టారు. కాగితం మీద అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. నా కంప్యూటరులో మాత్రం ఒక్క తెలుగు మాట కూడా వినిపించలేదు, ఇంగ్లీషు అక్షరాలూ విరామ చిహ్నాలూ కలగాపులగంగా వినిపించాయి. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం కేవలం ఒక బొమ్మ; దాని వెనుక దాగి ఉండేది ఇంగ్లీషు అక్షరపు సంకేతమే. తెలుగులో అందరికీ అందే పత్రం చేయించదలచినవారు ట్యాగుల (ఇది శీర్షిక, ఇది పేరా అని పత్రంలోని ముక్క ముక్కకూ వేసే కనిపించని గుర్తుల) కంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇదే. కమలానగర్ కేంద్రంలో నేను అడగకముందే వారు ఈ సంగతి ఎత్తారు. పాత ఫైలును యూనికోడ్‌లోకి మార్చారు, మార్పిడిలో జారిపోయిన వత్తులనూ తారుమారైన గుణింతాలనూ పుట పుటకూ సరిచూశారు. పది రోజులన్న పని పద్దెనిమిది రోజులు పట్టడానికి ముఖ్య కారణం ఈ సరిచూపే కనుక ఆ ఆలస్యాన్ని నేను తప్పు పట్టను.

ఇక అసలు విషయమైన పఠన క్రమానికి వస్తాను. చూపున్నవారు రెండు కాలమ్‌ల పుటను తెరిస్తే ఎడమ కాలమ్‌ను పైనుంచి కిందిదాకా చదివి, తరువాత కుడి కాలమ్‌కు వెళతారు. పీడీఎఫ్‌లో ఆ తెలివి దానంతట అది ఉండదు. ఏ ముక్క తరువాత ఏ ముక్క వినిపించాలో ట్యాగుల ద్వారా ఎవరో ఒకరు చెప్పాలి. నా పాఠాల్లో ఈ ప్రాంతపు పేర్ల గురించి ఒక పుట ఉంది. ఎడమ వైపు దత్త మండలాల సంగతి, కుడి వైపు రాయలసీమ అనే పేరు వచ్చిన సంగతి. మునుపటి ఫైలులోని పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చాక, దాని మీద సాఫ్ట్‌వేరు తనంతట తాను ట్యాగులు వేసినప్పుడు, ఆ పుట ఇలా వినిపించింది: “1800లో నిజాం ఈ ప్రాంతాలను 1928లో నంద్యాలలో జరిగిన సభలో ఈస్టిండియా కంపెనీకి చిలుకూరి నారాయణరావు సూచించిన పేరు.” పోటీ పరీక్షకు సిద్ధమయ్యే పిల్లవాడు దీన్ని విని ఏమి నేర్చుకోవాలి? ఇలాంటి పుటలో తప్పు ఉందని కూడా అతనికి తెలియదు. తనకే అర్థం కాలేదనుకుంటాడు. నన్ను బాధించేది అదే.

ఈ కేంద్రంలో ట్యాగుల పని చూసే ఆవిడ మొదట చేసిన పని నన్ను ఆశ్చర్యపరిచింది. ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడరును తన కంప్యూటరులో పెట్టుకొని, తెర ఆపేసి, నా పాఠాలను పది పుటల దాకా విన్నారు. ఆ తరువాత ఫోన్ చేసి, “సార్, మన్రో పెట్టె పేరా మధ్యలో వినాలా, పేరా అయిపోయినాక వినాలా?” అని అడిగారు. రైతు నుంచి నేరుగా వసూలు చేసే రైత్వారీ శిస్తు విధానం గురించిన పేరా పక్కన, మద్రాసు గవర్నరు మన్రో 1827లో పత్తికొండలో కలరాతో మరణించిన సంగతి చిన్న పెట్టెలో ఉంది. పుట మీద ఆ పెట్టె పేరా పక్కనే నిలబడుతుంది. కంటికి అది ఎక్కడున్నా ఇబ్బంది లేదు. చెవికి మాత్రం ఒకదాని తరువాత ఒకటే వస్తుంది కనుక, శిస్తు లెక్క సగంలో ఉండగా చావు కబురు వినిపించకూడదు. శిస్తు పేరాలు రెండూ ముగిశాక పెట్టమన్నాను, అలాగే పెట్టారు. ఈ ప్రశ్నకు జవాబు ఏ సాఫ్ట్‌వేరూ చెప్పలేదు, పాఠం చదివి అర్థం చేసుకున్న మనిషే చెప్పాలి.

వారు నాకు వివరించిన మరొక సూక్ష్మం ఈ పని చేయించేవారందరికీ తెలియవలసినది. పీడీఎఫ్‌లను సవరించే అక్రోబాట్ సాఫ్ట్‌వేరులో పఠన క్రమం పేరుతో పుట మీద కనిపించే అంకెల వరుస వేరు, ట్యాగులన్నీ కొమ్మల్లా అమరి ఉండే జాబితాలోని, అంటే ట్యాగుల చెట్టులోని వరుస వేరు. స్క్రీన్ రీడర్ అనుసరించేది ట్యాగుల చెట్టును. పుటను చిన్న తెరకు సరిపడేలా రీఫ్లో చేసినప్పుడు పనికివచ్చేది మొదటి వరుస. అంకెలు చక్కగా ఉన్నాయని చూసుకొని పని ముగిసిందనుకుంటే చెట్టులోని తప్పు అలాగే మిగిలిపోతుంది. అందుకని ఈ కేంద్రంవారు రెండింటినీ విడివిడిగా సరిచేశారు.

శీర్షికల ట్యాగులు బాగా కుదిరాయి. అధ్యాయానికి హెచ్1, అందులోని భాగాలకు హెచ్2 ఇచ్చారు. ఇప్పుడు హెచ్ కీ నొక్కుతూ కావలసిన భాగానికి చేరుకోగలుగుతున్నాను. ప్రతి పుట పైన ఉండే పుస్తకం పేరును, అలంకారం కోసం గీసిన గీతలను స్క్రీన్ రీడర్ చదవకుండా పక్కన పెట్టారు. మునుపటి ఫైలులో 96 పుటలకూ 96 సార్లు నా పాఠాల పేరే నాకు వినిపించేది.

పట్టిక విషయంలో సగం సంతోషం, సగం అసంతృప్తి. సంవత్సరం, ఘటన, స్థలం అనే మూడు నిలువు వరుసల పట్టికలో పై గడులకు టీహెచ్ అనే శీర్షిక ట్యాగు ఇచ్చారు. కంట్రోల్, ఆల్ట్ కీలతో బాణం గుర్తు నొక్కి గడి నుంచి గడికి వెళుతుంటే “స్థలం, మద్రాసు” అని వినిపిస్తుంది. అది 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక వరుస అని వెంటనే తెలుస్తుంది. కిందికి దిగితే 1953, ఆంధ్ర రాష్ట్రం, కర్నూలు. అయితే గడులు కలిపేసిన మరొక పట్టికలో ఏ శీర్షిక ఏ గడికి చెందుతుందో కలపలేదు. అక్కడ వట్టి అంకెలే వినిపిస్తాయి. ఈ సంగతి చెప్పినప్పుడు కలిపిన గడులను విడదీసి రెండు చిన్న పట్టికలుగా చేయడమే మేలన్నారు. అది నిజమే కాని, అప్పగించక ముందే చెప్పి ఉండవలసింది.

బొమ్మల వర్ణన కూడా మొదట పొడిగానే ఉంది. గుత్తి కోట చిత్రానికి “గుత్తి కోట ఫోటో” అని మాత్రమే రాశారు. ఆ మాట చిత్రం కింది వ్యాఖ్యలోనే ఉంది కదా. రెండోసారి అడిగితే కొండ శిఖరం మీది కట్టడాలను, అక్కడి నుంచి కిందికి దిగే ప్రాకారాలను రెండు వాక్యాల్లో చక్కగా వర్ణించారు. ఇంగ్లీషు మాటలు ఉన్నచోట భాష గుర్తు వేయలేదు కనుక తెలుగు గొంతు వాటిని తనకు తోచినట్టు పలుకుతోంది. ఇది ఇంకా సరిచేయవలసి ఉంది.

పని ముగిశాక పీఏసీ అనే ఉచిత తనిఖీ సాఫ్ట్‌వేరు ఇచ్చిన నివేదికను కూడా జత చేశారు. అందరికీ అందే పీడీఎఫ్‌ల కోసం 2012లో వెలువడిన పీడీఎఫ్/యూఏ ప్రమాణం ప్రకారం అది పత్రాన్ని పరీక్షిస్తుంది. ఒక మాట ఇక్కడ చెప్పాలి. మునుపటి ఫైలును కూడా ఇదే తనిఖీకి పెట్టించాను. రెండు కాలమ్‌లు కలిసిపోయిన ఆ పుటలో ఒక్క తప్పు కూడా చూపలేదు. ట్యాగులు ఉన్నాయా, వాటి అమరిక నియమానికి లోబడి ఉందా అన్నది యంత్రం చెప్పగలదు, వరుసకు అర్థం ఉందో లేదో చెప్పలేదు. కనుక పచ్చ గుర్తుల నివేదిక చూపించి డబ్బు అడిగే కేంద్రాన్ని కనీసం మూడు పుటలు వినిపించమని అడగాలి.

పుటకు 35 రూపాయలు తీసుకున్నారు. మామూలు డీటీపీ కంటే ఇది ఎక్కువే, చేసిన శ్రమకు తక్కువే. పీడీఎఫ్‌తో పాటు శీర్షికల స్టైల్స్ అన్నీ సరిగా పెట్టిన వర్డ్ ఫైలును కూడా ఇవ్వడం వారు చేసిన పెద్ద మేలు. పీడీఎఫ్‌లో మాత్రమే చేసిన సవరణలు, మూలాన్ని మార్చి మళ్లీ పీడీఎఫ్ తీయగానే పోతాయి. మూలంలోనే స్టైల్స్ ఉంటే చాలా మట్టుకు నిలుస్తాయి. అలా తీసేటప్పుడు ప్రింట్ దారిలో వెళ్లకుండా సేవ్ యాజ్ దారిలో, ట్యాగుల ఎంపికకు టిక్ పెట్టి తీయాలని కాగితం మీద కాక వాయిస్ మెసేజిలో చెప్పి పంపారు. వారి సలహా ప్రకారం రెండో భాగంలోని పట్టికల్లో గడులు కలపకుండా రాస్తున్నాను. రాయడం పూర్తికాగానే అదే కేంద్రానికి ఇస్తాను.