లాంగ్ హాల్ ట్రక్కర్: ఆఫీసుకీ, దూరాలకీ ఒకే సైకిల్

సియాటెల్ వచ్చే మనవాళ్ళకి సైకిల్ పిచ్చి పట్టగానే వచ్చే సందేహం ఒకటుంది, ఆఫీసుకొకటి, లాంగ్ రైడ్లకొకటి రెండు కొనాలా అని. అక్కర్లేదు. సర్లీ అనే సైకిల్ కంపెనీ వాళ్ళ లాంగ్ హాల్ ట్రక్కర్ మీ సైజుది సెకండ్‌హ్యాండ్‌లో కనిపిస్తే వదలకండి. నేను సియాటెల్ పక్కనున్న రెడ్‌మండ్ ఆఫీసుకి వెళ్ళేదీ దీనిమీదే, టెంటు కట్టుకుని ఊరు దాటేదీ దీనిమీదే.

ఫ్రేము క్రోమోలీ స్టీలు, అంటే క్రోమియం, మాలిబ్డినం కలిపిన గట్టి ఉక్కు. తేలికేం కాదు, మూడో అంతస్తుకి మోసుకెళ్ళాల్సినవాళ్ళు ఒకసారి ఎత్తి చూసుకోండి. కానీ వెనక చక్రం ఇరుసుకీ పెడల్ ఇరుసుకీ మధ్య 46 సెంటీమీటర్లు ఉంటుంది, రేసు సైకిళ్ళలో ఇది 41 దగ్గర్లో ఉంటుంది. అసలు సంగతంతా ఆ ఐదు సెంటీమీటర్లలోనే ఉంది. క్యారియర్‌కి రెండు పక్కలా బ్యాగులు తగిలించినా మడమ వాటికి కొట్టుకోదు, బరువు వెనక చక్రం దాటి వేలాడదు. లాప్‌టాప్, టిఫిన్ బాక్సు వేసుకున్న రోజు ఎలా వెళ్తుందో వారం సామాను వేసుకున్నా అలాగే వెళ్తుంది, హ్యాండిల్ ఊగదు.

ఇక గేర్లు. కొనేటప్పుడు అందరూ ఎన్ని గేర్లని అడుగుతారు, అతి చిన్న గేరు ఎంతో మాత్రం ఎవరూ అడగరు. నా బండికి ముందు చిన్న చక్రం 26 పళ్ళది, వెనక పెద్దది 34. ఈ రెండూ కలిపి వేస్తే పెడల్ ఒక చుట్టుకి వెనక చక్రం ముప్పావు చుట్టే తిరుగుతుంది, బండి కదిలేది మీటరున్నర పైచిలుకు. నెమ్మదే, కానీ నిండు సామానుతో ఎత్తు ఎక్కుతుంటే మోకాళ్ళు పట్టెయ్యవు. ఇక్కడి బర్క్-గిల్మన్ ట్రెయిల్ అనే సైకిల్ బాట పాత రైలు దారి కాబట్టి చదునుగా సాగిపోతుంది గానీ, దాన్ని వదిలి ఏ సందులోకి తిరిగినా ఈ ఊళ్ళో ఎక్కుడే.

నాకు బాగా నచ్చింది చాలా చిన్న విషయం. వెనక చక్రం పక్కన ఉండే ఫ్రేము గొట్టం మీద అదనపు స్పోకులు గుచ్చి పెట్టుకోవడానికి చోటుంది. బరువు మోసే వెనక చక్రంలోనే స్పోకులు ఎక్కువగా విరుగుతాయి, సరిపోయే పొడవుది దారిలో దొరకడం కష్టం. గేర్ల వైపుది విరిగితే క్యాసెట్ (వెనక గేరు చక్రాల గుత్తి) విప్పాలి, ఆ పానా కూడా బ్యాగులో పడేసుకోండి.

బ్రేకుల దగ్గర మాత్రం ఆలోచించాలి. ఇవి రిమ్‌ని పట్టే బ్రేకులు, వానలో రిమ్ మీది నీళ్ళు తుడుచుకుపోయేదాకా పట్టు దొరకదు, ఏ కంపెనీ రిమ్ బ్రేకులైనా అంతే. శీతాకాలమంతా ముసురు పట్టే ఇలాంటి ఊళ్ళో రోజూ తొక్కేవాళ్ళు ఇదే కంపెనీ, డిస్క్ బ్రేకులుండే డిస్క్ ట్రక్కర్ చూసుకోవడం మంచిది. కొత్తది కావాలన్నా అదే, లాంగ్ హాల్ ట్రక్కర్ తయారీ ఆపేశారు.

మడ్‌గార్డులు, క్యారియర్, లైట్లు అన్నీ విడిగా కొనాలి. మన పాలవాళ్ళు క్యాన్లు కట్టుకుని తొక్కిన నల్ల సైకిలుకి ఇవన్నీ ఉండేవి, పైగా స్టాండు, చైను కవరు కూడా, గేర్లు ఒక్కటే తక్కువ. పూర్తి చైను కవరు ఇప్పటికీ నాకు లోటే, ప్యాంటుకి క్లిప్పు పెట్టుకుని తొక్కాల్సి వస్తోంది. డైనమో మాత్రం వేయించేశాను. టైరుకి రాసుకుంటూ గీమని మోగే పాత రకం కాదు, ముందు చక్రం మధ్య హబ్బులోనే ఉంటుంది, 6 వోల్టులు, 3 వాట్లు. వెలుగుతున్నప్పుడు కూడా తొక్కడంలో తేడా పెద్దగా తెలియదు. డిసెంబరులో ఇక్కడ నాలుగున్నరకల్లా పొద్దుపోతుంది, ఛార్జింగ్ టెన్షన్ లేకుండా ఇంటికి రావడానికి ఆ ఖర్చు పెట్టొచ్చు. టైర్లు 35 మిల్లీమీటర్ల వెడల్పువి వేశాను, మడ్‌గార్డు కింద ఇంకా చోటు మిగిలింది.

గ్రూప్ రైడ్లో ముందుండాలని ఉంటే ఇది మీ బండి కాదు. అదే సియాటెల్ నుంచి పోర్ట్‌లాండ్ దాకా 330 కిలోమీటర్లు రెండు రోజుల్లో ఒళ్ళు హూనం కాకుండా చేరాలంటే, సోమవారం అదే బండి మీద ఆఫీసుకి వెళ్ళాలంటే ఇదే. కొనేముందు సీటు కింది గొట్టం బయటికి లాగి టార్చి వేసి ఫ్రేము లోపల చూడండి, స్టీలుకి తుప్పు లోపల్నించే మొదలవుతుంది. సీటు కింది గొట్టం కదలకపోతే బిగుసుకుపోయిందని లెక్క, ఎంత చవగ్గా ఇస్తామన్నా తీసుకోకండి.