అన్నం తూచే కాటాతో ఏడాదిన్నర

సుగర్ పరీక్షలో అంకె గీత దాకా వచ్చిందని డాక్టరు చెప్పిన వారంలోనే విజయవాడ బీసెంట్ రోడ్డులోని ఒక గిన్నెల దుకాణంలో ఏడు వందలు పెట్టి ఎలక్ట్రానిక్ కాటా కొన్నాను. అయిదు కిలోల వరకు తూస్తుంది, గ్రాము తేడా చూపిస్తుంది. కంపెనీ పేరు అనవసరం.

తెచ్చిన రోజే దాన్ని అనుమానించాను. అర లీటరు పాల ప్యాకెట్టు పెడితే 518 చూపించింది. తిరిగి ఇచ్చేద్దామని అట్టపెట్టెలో సర్దేశాను కూడా. పాలు నీళ్లకంటే బరువనీ, అర లీటరు పాలు 515 గ్రాముల దాకా తూగుతాయనీ, మిగతాది కవరు బరువనీ మా అమ్మాయి చెప్పాక మళ్లీ బయటికి తీశాను.

అసలు పొరపాటు నాది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార పట్టికలో, రోజుకు 2000 కేలరీలు తినేవారికి ధాన్యాలు 250 గ్రాములని ఉంది. అది వండిన అన్నం అనుకుని పూటకు 125 గ్రాములు పెట్టుకున్నాను. పప్పు కలిపితే నాలుగు ముద్దలు. పన్నెండు రోజుల్లో, రాత్రి పదకొండు గంటలకు జంతికల డబ్బా మూత చప్పుడు కాకుండా తీయడం నేర్చుకున్నాను. పట్టికలోని బరువులన్నీ వండని సరుకువి. వంద గ్రాముల బియ్యం మా కుక్కరులో ఉడికితే 280 గ్రాముల అన్నం అవుతుంది. ఈ ఒక్క ముక్క ముందే తెలిసి ఉంటే జంతికలు మిగిలేవి.

కాటా కొన్నది అన్నం కోసమే అయినా అది పట్టి ఇచ్చింది నూనెను. సీసాను కాటా మీద పెట్టి సున్నా చేసి, బాణలిలో పోసి, సీసాను మళ్లీ పెడితే ఎంత తగ్గిందో చూపిస్తుంది. దొండకాయ వేపుడుకు 70 గ్రాములు! మా ఆవిడ నమ్మలేదు. మర్నాడు బెండకాయకు తానే తూచి చూసి మాట్లాడకుండా సీసా లోపల పెట్టింది. గ్రాము నూనెకు తొమ్మిది కేలరీలు. అంటే ఆ ఒక్క వేపుడులోని నూనె ఇంచుమించు అర కిలో అన్నంతో సమానం. పట్టికలో నూనె, నెయ్యి కలిపి మనిషికి రోజుకు 27 గ్రాములు. మా ముగ్గురికి నెలకు రెండున్నర కిలోలు కూడా కాదు. లీటరు ప్యాకెట్టులో 910 గ్రాములుంటుంది కాబట్టి మూడు ప్యాకెట్లు సరిపోవాలి. మేము తెచ్చుకునేవి అయిదు, నెయ్యి వేరే. నిజానికి ఈ లెక్కకు కాటా అక్కర్లేదు, కిరాణా చీటీ చాలు. ఇప్పుడు నాలుగుకు వచ్చాం. మూడుకు రావడం ముద్దపప్పు, నెయ్యి ఉన్న ఇంట్లో అంత తేలిక కాదు.

మొదటి నెలలో కాటాను భోజనాల బల్ల మీదే ఉంచేవాణ్ణి. గుంటూరు నుంచి వచ్చిన మా బావమరిది చూసి, "ఏమిటి బావగారూ, రేషన్ దుకాణం పెట్టారా?" అన్నాడు. అన్నం తూచి వడ్డించే ఇల్లంటే మనవైపు ఎంత నామోషీయో అప్పుడు గుర్తొచ్చింది. ఆనాటినుంచి అది వంటింటి గట్టు దాటలేదు. అన్నం హస్తాన్ని ఒకసారి తూచి చూసుకున్నాను: నిండుగా తీస్తే 90 గ్రాములు. ఇప్పుడు పూటకు రెండున్నర హస్తాలు, అంతే. ఏడాదిలో ఆరు కిలోలు తగ్గాను. బందరు కాలువ గట్టున సాయంత్రం నడక కూడా మొదలుపెట్టాను కాబట్టి ఆ ఘనతంతా కాటాకు ఇవ్వను.

లోపాలు ఉన్నాయి. అయిదు గ్రాముల లోపు దీని మాట నమ్మడానికి లేదు. ఉప్పు తూచాలంటే పది చెంచాలు ఒకేసారి వేసి పదితో భాగించాల్సిందే. పైన ఫ్యాను తిరుగుతుంటే అంకెలు నిలవవు. కూరగాయలు తరుగుతూ రెండు నిమిషాలు ఆలస్యం చేస్తే ఆరిపోతుంది, లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. వేడి గిన్నె నేరుగా పెడితే తప్పు చూపిస్తుంది, కింద చెక్క పలక ఉండాలి. ఒకసారి బ్యాటరీల అరలోకి చీమలు చేరాయి.

నేను ఇప్పుడు వారానికి ఒక్కసారి, నూనె కోసం మాత్రమే వాడుతున్నాను. ఎక్కువ వాడేది మా ఆవిడే. ఈ వేసవిలో ఆవకాయకు వాళ్లమ్మ చెప్పిన సోలలు, గిద్దలు అన్నీ గ్రాముల్లోకి మార్చి క్యాలెండరు వెనుక రాసిపెట్టుకుంది. కొనాలనుకుంటే మీటలు బయటికి పొడుచుకు రాని రకం చూడండి. మా దానిలో తడి చేతుల వల్ల సున్నా మీట ఇప్పటికే మొరాయిస్తోంది, రెండుసార్లు నొక్కితే గాని పలకదు.